ఏకాద్యక్షర ప్రశ్నలు – పురాణనామసంకేతము

ఒక యక్షరమును ముందుగా నిర్ణయించి, ఆ యక్షరముతో నారంభమగు నామములే యుత్తరము లగునట్లు పలువిషయములను గూర్చి ప్రశ్న లడుగుట పాఠశాలలయందును విద్వద్గోష్ఠులయందును గానవచ్చు వినోదము. నది యొకటి, కవి యొకఁడు, గ్రామ మొకటి, శాస్త్రకర్త యొకఁడు – ఇట్లు ప్రశ్నలు భిన్నములైనను ఉత్తరములన్నియు నొక్క యక్షరమునకే లోఁబడి యుండును. ఇది బాలుర కాలక్షేపమని తలఁచి పండితులు విచారింపక విడుచుట కలదు. కాని యీ పద్ధతియే మన పౌరాణికవాఙ్మయమున నష్టాదశమహాపురాణముల పట్టికను సంగ్రహించి కాపాడినది. ఆ పట్టికను పరీక్షించినచో ఆద్యక్షరము దేనికి సాక్ష్య మీయఁగలదో, దేని కీయఁజాలదో తేటపడును. అది తేటపడినపిదపఁ బాఠశాలలో నిట్టి ప్రశ్నలను గూర్చువారు పాటింపవలసిన నియమములును దమంతన తేలును.

అక్షరమును ఆధారముగాఁ గొని బుద్ధిని బరీక్షించుట మన దేశమున క్రొత్త కాదు. వాత్స్యాయనుఁడు కామసూత్రములం దఱువదినాలుగు కళలను బేర్కొనుచుఁ బ్రహేళికను, ప్రతిమాలను జేర్చినాఁడు. ప్రతిమాల యనఁగా నొకరు చదివిన శ్లోకముయొక్క తుదియక్షరముతో మఱియొకరు వేఱొక శ్లోకము నారంభించుట. నేఁడు అంత్యాక్షరి యని వ్యవహరింపఁబడునది యిదియే. దండి కావ్యాదర్శముయొక్క తృతీయపరిచ్ఛేదమునఁ బ్రహేళికాభేదములు పదునాఱింటిని వివరించినాఁడు. కోశములయందును అక్షరక్రమము ప్రవేశించినది కాని, మొదట దానికిఁ బ్రధానమైనది ఆద్యక్షరము గాక అంత్యాక్షరమే. అమరకోశమున నామములు స్వర్గవర్గము, భూమివర్గము మొదలుగా విషయమునుబట్టి కూర్పఁబడినవి. అందలి నానార్థవర్గమున మాత్రము పదములు కాంతములు, ఖాంతములు మొదలుగాఁ దుదిహల్లునుబట్టి నిలిచినవి. యాదవప్రకాశుని వైజయంతియం దక్షరసంఖ్యతోను లింగముతోను బాటు ఆద్యక్షరమును గూడఁ బరిగణించు పద్ధతి కాననగును.

తెలుఁగునఁ బైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహమువంటి పద్యకోశములు అమరుని మార్గమున విషయవర్గములుగానే నడచినవి. కంఠస్థము చేయువానికి వర్గక్రమము సుకరము. వెదకువానికి అకారాదిక్రమము సుకరము. కావున ముద్రణము ప్రబలినపిదప నకారాదినిఘంటువులు వెలసినవి. సీ. పీ. బ్రౌను తెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువు 1852వ సంవత్సరమునను, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885వ సంవత్సరమునను వెలువడినవి. ఆంధ్రసాహిత్యపరిషత్తు పూనికతో సిద్ధమైన సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రథమసంపుటము 1936లో వెలువడినది. ఏకాద్యక్షరప్రశ్నలు ఈ రెండు మార్గములకును నడుమ నున్నవి. అడుగువాఁడు అకారాదిక్రమమునఁ దలంచును. చెప్పువాఁడు విషయక్రమమున వెదకును. ఈ రెండును గలియుచోట నుత్తరము దొరకును.

ఇట్టి కలయికకు మిక్కిలి ప్రసిద్ధమైన యుదాహరణము దేవీభాగవతము ప్రథమస్కంధము తృతీయాధ్యాయమునఁ గలదు. అచ్చట నష్టాదశపురాణముల పేర్లు చెప్పక, ఏ యక్షరముతో నెన్ని పురాణము లారంభమగునో యొక్క శ్లోకమున సూచింపఁబడినది. దాని విభాగమిది. మకారాదులు రెండు – మత్స్యము, మార్కండేయము. భకారాదులు రెండు – భవిష్యము, భాగవతము. బ్రకారాదులు మూఁడు – బ్రహ్మము, బ్రహ్మాండము, బ్రహ్మవైవర్తము. వకారాదులు నాలుగు – వరాహము, వామనము, వాయువు, విష్ణువు. ఈ పదునొకండును గాక, ఒక్కొక్క యక్షరమునకు నొక్కొక్కటిగా నేడు సూచింపఁబడినవి: అగ్ని, నారదము, పద్మము, లింగము, గరుడము, కూర్మము, స్కాందము. మొత్తము పదునెనిమిది.

ఈ సంకేతముయొక్క ప్రయోజనము సులభముగా గ్రహింపవచ్చును. పదునెనిమిది పేళ్లను వరుసగాఁ జెప్పఁబూనువాఁడు సాధారణముగాఁ బదునాఱో పదునేడో చెప్పి నిలిచిపోవును. ఏది విడిచినాఁడో వానికే తెలియదు. సంకేత మెఱిఁగినవాఁడు వకారాదులు మూఁడే వచ్చినవనియు, నాలవది రావలసియున్నదనియు వెంటనే కనుఁగొనును. అనఁగా నది లోపమును జూపును. లోప మేచోట నున్నదో కూడఁ జూపును. వ్రాయసకాఁ డొక పేరును మఱచినను, అధికముగా నొక పేరును జేర్చినను సంఖ్య చెడి దోషము బయటఁబడును. శ్లోకబద్ధమగుటచే నందలి యక్షరములను మార్చుటయు నంత సులభము కాదు. ఒక పట్టికను గాపాడుట కింతకంటెఁ జిన్న సాధనము దొరకుట యరుదు.

ఇఁక నీ సాక్ష్యముయొక్క బలమును మూఁడు సందేహములయందుఁ బరీక్షింపవచ్చును. మొదటిది వాయుపురాణ శివపురాణ వివాదము. విష్ణుపురాణము తృతీయాంశమునందలి పట్టికలో శైవము గలదు, వాయుపురాణము లేదు. మత్స్యపురాణము ఏఁబదిమూఁడవ యధ్యాయమునందలి పట్టికలో వాయవీయము గలదు, శైవము లేదు. రెండును మహాపురాణములే యనినచో సంఖ్య పందొమ్మిది యగును. ఇచ్చట సంకేతశ్లోకము స్పష్టముగా నొకపక్షమునఁ జేరినది. అందు శకారమునకుఁ జోటు లేదు; వకారమునకు నాలుగు చోట్లు కలవు. కావున దానిని గూర్చినవారి పట్టికలో వాయుపురాణము గలదనియు శివపురాణము లేదనియు నిశ్శంకముగాఁ జెప్పవచ్చును. అయితే యిది ఆ సంకేతకర్త మతమునకు మాత్రమే సాక్ష్యము. వివాదమున కంతటికిని దీర్పు కాదు. విష్ణుపురాణపక్షము వారు సంకేతము రచింపఁబూనినచో వకారాదులను మూఁడు చేసి శకారాది నొకదానిని జేర్చియుందురు.

రెండవది భాగవతవివాదము. మహాపురాణములలోఁ జేరిన భాగవతము శ్రీమద్భాగవతమా, దేవీభాగవతమా యను ప్రశ్న చిరకాలమునుండి యున్నది. శ్రీధరస్వామి తన వ్యాఖ్యారంభముననే భాగవతమనఁగా వేఱొకటి యని శంకింపఁదగదని చెప్పుటనుబట్టి యీ శంక యాతనికాలమునకే పుట్టియుండెనని తెలియును. శాక్తులు దేవీభాగవతమే మహాపురాణమందురు. వైష్ణవులు శ్రీమద్భాగవతమే యందురు. ఇచ్చట నాద్యక్షరము మూగవోవును. రెండును భకారాదులే, రెండింటికిని బండ్రెండు స్కంధములే, రెండింటికిని సంప్రదాయమునఁ జెప్పఁబడు గ్రంథసంఖ్య పదునెనిమిదివేలే. సంకేతము రెండింటికిని సమానముగాఁ దలుపు తెఱచును. సంకేతశ్లోకము దేవీభాగవతముననే యుండుటచే నందలి భకారాది దేవీభాగవతమే యని యాగ్రంథకర్త తలఁచియుండవచ్చును గాని, యా యభిప్రాయమునకుఁ బ్రమాణము గ్రంథసందర్భమే, అక్షరము గాదు.

మూఁడవది యుపపురాణములవలనఁ గలుగు భ్రాంతి. ఉపపురాణముల పట్టికలలో నారసింహము, పారాశరము, మాహేశ్వరము, వారుణము మొదలగు పేళ్లు కలవు. ఇవి వరుసగా న, ప, మ, వ లతో నారంభమగుచున్నవి. కావున మహాపురాణము లేవో ముందుగా నెఱుఁగనివానికి సంకేతము చేతికిచ్చినచో వాఁడు నారదమునకు బదులు నారసింహమును, పద్మమునకు బదులు పారాశరమును జెప్పి, లెక్క సరిపోయినదని సంతోషించును. తెలుఁగు విద్యార్థి కీ భ్రాంతి మఱింత సమీపమున నున్నది. ఎఱ్ఱన నృసింహపురాణమును రచించినాఁడు. అది మన సాహిత్యమున సుప్రసిద్ధము. నకారాది పురాణమేది యనినఁ దెలుఁగు చదివినవాని కదియే ముందు స్ఫురించును. సంకేతమున నున్నది దీర్ఘముతోఁ గూడిన ‘నా’ యని గుర్తించినవాఁడు నృసింహ శబ్దమును ద్రోయఁగలఁడు గాని, తద్ధితరూపమైన నారసింహ శబ్దమును ద్రోయఁజాలఁడు.

ఈ మూఁడింటివలనఁ దేలిన దేమనఁగా: ఆద్యక్షరము సంఖ్యను గాపాడును, విడిచినదానిని జ్ఞప్తికిఁ దెచ్చును, వేఱు వేఱు అక్షరములతో నారంభమగు రెండుపేళ్ల నడుమ వివాదము కలిగినప్పుడు సంకేతకర్త యే పక్షమువాఁడో తెలుపును. ఒకే యక్షరముతో నారంభమగు రెండింటి నడుమ వివాదము కలిగినప్పుడు మాత్రము అది నిరుపయోగము. మఱియు నేర్చినవానికి జ్ఞాపకము చేయునే కాని, నేర్వనివానికి నేర్పదు.

ఇచ్చట మఱియొక ప్రశ్న పుట్టుచున్నది. ‘ఒకే యక్షర’ మనఁగా నేమి? సంకేతమున వకారాదులు నాలుగని చెప్పఁబడినవానిలో వరాహ, వామన, వాయు శబ్దములకు ఆదియందు అకారమో ఆకారమో కలదు. విష్ణుశబ్దమునకు మాత్రము ఇకారము. హల్లొక్కటి సరిపోయినఁ జాలుననుకొన్ననే నాలుగగును. అచ్చునుగూడఁ బాటింపవలెనన్నచో మూఁడే యగును, పురాణసంఖ్య పదునేడే యగును. కావున సంకేతకర్త హల్లును మాత్రమే చూచినాఁడని చెప్పవలెను. తెలుఁగు ఛందస్సు నెఱిఁగినవారి కిచ్చట నొక విశేషము తోఁచును. మన యతినియమమున హల్లుతోపాటు అచ్చునకును మైత్రి కావలెను. అ, ఆ, ఐ, ఔ లు పరస్పరము మిత్రములు, ఇ ఈ లు వేఱుజట్టు. కావున వరాహ విష్ణు శబ్దములకు యతి చెల్లదు. కాని విష్ణుశబ్దమునకుఁ దద్ధితరూపమైన ‘వైష్ణవము’ను గ్రహించినచో నైకారమునకు అకారముతో మైత్రి గలదు గనుక నాలుగును యతినియమమునకుఁ గూడ లోఁబడును. సంస్కృతసంకేతమునకుఁ దెలుఁగుయతితో సంబంధము లేదు, ఇది కాకతాళీయమే. అయినను బేరుయొక్క రూపము మాఱినంతమాత్రమున నక్షరసామ్యము మాఱునని యిది చక్కఁగాఁ జూపుచున్నది. అగ్ని – ఆగ్నేయము, లింగము – లైంగము, కూర్మము – కౌర్మము అను జంటలను జూచినను ఈ విషయమే స్పష్టమగును.

తెలుఁగుపదముల కిట్టి చిక్కులు మఱికొన్ని కలవు. సరళాదేశమువలనఁ బదాదిపరుషము మాఱును. ‘చూచెఁ గలువను’ అనుచోటఁ గనఁబడునది గకారమైనను, నిఘంటువున వెదకవలసినది కకారముక్రింద. పూర్వలేఖకులు ‘ఏనుఁగు’ను ‘యేనుఁగు’ అనియు, ‘ఒకఁడు’ను ‘వొకఁడు’ అనియు వ్రాయుట కలదు. చెవికి వినఁబడునది యొకటి, కోశమున నిలుచునది యొకటి. ‘క్ష’ వర్ణమాలాపట్టికలయందుఁ జివరను వేఱుగాఁ జూపఁబడినను సంయుక్తాక్షరమే యగుటచే అకారాదినిఘంటువులయందుఁ గకారముక్రిందఁ జేరును. బాలుఁడు పలకమీఁదఁ జూచినదానిని నమ్మి క్షీరశబ్దము కకారాది కాదనును. నిఘంటువుఁ జూచినవాఁడు కకారాదియే యనును. ఇద్దఱును దమతమ ప్రమాణములనుబట్టి సరియే. పరీక్షకుఁడు ముందుగా నియమమును జెప్పకపోవుటయే దోషము.

ఇట్టి విచారమును ఒక చిన్న ప్రశ్నావళికి అన్వయించి చూడవచ్చును. అక్షరము కకారము, అచ్చు ఏదైనను సరియే, సంయుక్తాక్షరములు చెల్లవు – ఇది నియమము. ప్రశ్న లివి:

మహాబలేశ్వరమున జన్మించి, హంసలదీవియొద్ద సముద్రమునఁ గలయు నది యేది? కృష్ణ.

కృష్ణాగోదావరుల డెల్టాల నడుమ నున్న మంచినీటిసరస్సు ఏది? కొల్లేరు.

తన పేరనే ప్రసిద్ధమైన నృత్యసంప్రదాయమునకుఁ బుట్టినిల్లైన కృష్ణామండలగ్రామ మేది? కూచిపూడి.

తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చి, ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును రచించిన కవి యెవఁడు? కేతన.

కాశ్మీరరాజుల చరిత్రమును రాజతరంగిణియను పేరఁ బండ్రెండవ శతాబ్దమునఁ గూర్చిన కవి యెవఁడు? కల్హణుఁడు.

వైశేషికసూత్రకర్త యెవఁడు? కణాదుఁడు.

పాణినిసూత్రములకు వార్తికములు రచించినవాఁడెవఁడు? కాత్యాయనుఁడు.

ఈ యేడు ప్రశ్నలకును ఒక సామాన్యగుణము గలదు. అక్షరమును దీసివేసినను బ్రశ్న చెడదు. ఉత్తర మొక్కటియే యుండును. అక్షరము కేవలము తోడు. మఱచినవానికిఁ గొంచెము దారి చూపును. తప్పుత్రోవఁ బట్టినవానిని వెనుకకుఁ ద్రిప్పును. వీనినే సడలించి వ్రాసినచో నేమగునో చూడవలెను. ‘ఆంధ్రదేశమునఁ బ్రవహించు కకారాదినది యేది?’ యని యడిగినచోఁ గృష్ణయే కాక రాయలసీమలోని కుందూనదియు నుత్తరమగును. ‘కావ్యకర్తయగు కకారాది సంస్కృతకవి యెవఁడు?’ అనినచోఁ గాళిదాసు ఒక్కఁడే కాఁడు. జానకీహరణకర్త యగు కుమారదాసును గలఁడు. ‘కాశ్మీరకవి యెవఁడు?’ అనినచోఁ గల్హణునితోఁబాటు క్షేమేంద్రుఁడును నిలుచును. సంయుక్తాక్షరము చెల్లదను నియమము చెప్పని యెడల వానిని ద్రోయుటకు వీలు లేదు. ఇట్టి ప్రశ్నలయందు అక్షరము తోడు గాక, ప్రశ్నలోని లోపమును గప్పు తెర యగుచున్నది. విద్యార్థి సరియైన యుత్తరము చెప్పియుఁ దప్పు చెప్పినవాఁడుగా లెక్కింపఁబడును. పరీక్షలో నింతకంటె నన్యాయము లేదు.

మఱియొక జాగ్రత్త కలదు. అది పండితులకు ముఖ్యము. వివాదగ్రస్తమైన విషయమునఁ బరీక్షకుఁ డక్షరమును నిర్ణయించుటయే యొక పక్షమును నిర్ణయించుట. ‘వకారాది మహాపురాణములు నాలుగింటిని జెప్పుము’ అని యడిగినవాఁడు వాయుపురాణమును మహాపురాణముగా నంగీకరించినాఁడు. ‘శకారాది మహాపురాణ మేది?’ యని యడిగినవాఁడు దానిని ద్రోసి శైవమును నిలిపినాఁడు. రెండుప్రశ్నలును వినుటకు నమాయకములుగానే యుండును; బాలుఁడు వివాద ముండెనని యెఱుఁగకయే యొక తీర్పును గంఠస్థము చేయును. తరువాత విష్ణుపురాణమును జదివి శైవనామమును జూచినప్పుడు అది వ్రాయసకాని దోషమని తలఁచును. కావున నిట్టిచోట ‘దేవీభాగవతసంకేతమునుబట్టి’ యనియో, ‘విష్ణుపురాణపట్టికనుబట్టి’ యనియో ప్రమాణమును బ్రశ్నలోనే చేర్పవలెను. రెండుమాటలు పెరుగును; అసత్యము తొలఁగును.

ఏకాద్యక్షరప్రశ్నలు కూర్చువారికి నియమములు నాలుగు తేలినవి. అక్షరసామ్య మెట్టిదో – హల్లు మాత్రమా, అచ్చుతోఁ గూడినదా, సంయుక్తములు చెల్లునా – ముందుగాఁ జెప్పవలెను. నామముయొక్క ఏ రూపమును గ్రహింపవలెనో తెలుపవలెను. అక్షరమును దీసివేసినను ఉత్తర మొక్కటిగానే యుండునట్లు ప్రశ్నను గూర్పవలెను. వివాదముగల చోటఁ బ్రమాణగ్రంథమును బేర్కొనవలెను. ఈ నాలుగును బాటించినచో నీ వినోదము జ్ఞాపకశక్తికి మంచి సాధనమగును. బహువిషయములను ఒక సూత్రమున గ్రుచ్చి, మఱచినదాని చోటును జూపును. పాటింపనిచో నక్షరము గలిసినది గనుక విషయము తెలిసినదను భ్రమను గలిగించును. పురాణసంకేతమును గంఠస్థము చేసిన విద్యార్థినిఁ బదునెనిమిది పేళ్లు చెప్పించి యంతటితో విడువక, భకారాదులలో భాగవతమనఁగా నేది, వకారాదులలో వాయువునకుఁ జో టేల కలిగినది యని యడుగుటయే యుపాధ్యాయుని పని. అక్షరము ముగిసినచోటనే విద్య ప్రారంభమగును.